వేలు చెప్పనిది

"బూత్ దగ్గర కాపలా కాయాల్సిన ఖర్మ నాకేం పట్టలేదు," అన్నాడు థర్మామీటరు. "పోలింగు మర్నాడు పొద్దున మీ వేళ్ళే చెబుతాయి."

షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళంతా తలలు వంచుకుని నిలబడ్డారు. తొట్లలోంచి ఆవిరి లేస్తోంది. రంగు నీళ్ళ వాసన గొంతులో మంటగా తగులుతోంది.

థర్మామీటరంటే సూపర్‌వైజరు. తొట్టిలో నీళ్ళ వేడి చూసే గాజు గొట్టం ఎప్పుడూ చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతాడు కాబట్టి ఆ పేరు. నూలుకు రంగులు వేసే ఆ షెడ్డులో యజమాని మాట అతని నోటి నుంచే వచ్చేది.

"చట్టం ఇమ్మంది కాబట్టి ఎల్లుండి సెలవిస్తున్నాం. ఇంట్లో కాళ్ళు బారజాపుకుని పడుకోండి. ఓటు జోలికి మాత్రం పోవద్దు. వేలి మీద సిరా మచ్చ కనబడిందా, ఆ మనిషి మళ్ళీ ఈ గేటు దాటి లోపలికి రాదు."

"మరి మీరు వేస్తారా బాబూ?" అడిగింది అత్త, ఏమీ ఎరగనట్టు.

"నా సంగతి నీకెందుకు?"

"ఏం లేదు. మీ వేలు ఎవరు చూస్తారా అని."

ఎవరో కిసుక్కున నవ్వి, దాన్ని దగ్గులోకి మార్చేశారు. థర్మామీటరు నవ్వలేదు. ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వెళ్ళాడు. కోడలి దగ్గర కాసేపు ఆగాడు.

అత్తాకోడళ్ళిద్దరూ ఒకే తొట్టి దగ్గర పని చేస్తారు. అందుకే షెడ్డులో అందరికీ చిన్నామె 'కోడలు', పెద్దామె 'అత్త'. వయసులో పెద్దవాళ్ళు కూడా ఆమెను 'అత్తా' అనే పిలుస్తారు. కోడలి భర్త లారీ మీద వెళితే వారాల తరబడి కనబడడు. ఇంట్లో మిగిలింది ఈ ఇద్దరూ, కోడలి నాలుగేళ్ళ కూతురు చంటిదీ.

భయమంతా ఆ చంటిది గురించే. షెడ్డు వెనక గొట్టంలోంచి రంగు నీళ్ళు తిన్నగా వాళ్ళ వీధి కాలవలోకి వదులుతారు. ఒకరోజు కాలవ నీలంగా, ఒకరోజు ఎర్రగా పారుతుంది. అక్కడ చేతిపంపు కొడితే నీళ్ళు కూడా వాసనేస్తాయి. చంటిదాని మోచేతుల మీద, మోకాళ్ళ వెనక చర్మం పగిలి రసి కారుతోంది. రాత్రిళ్ళు గోక్కుని గోక్కుని ఏడుస్తుంది.

వార్డు సభ్యుడు యజమాని బావమరిది. గొట్టం మీద ఫిర్యాదు ఇస్తే దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "చూద్దాంలే" అంటాడు. ఈసారి అతనికి పోటీగా ఒక రిటైరైన నర్సు నిలబడింది. ఇల్లిల్లూ తిరిగి పిల్లల చేతులు చూసింది. "గెలిస్తే ముందు ఆ గొట్టం మూయిస్తాను. నీళ్ళు శుభ్రం చేశాకే వదలాలి," అంది. కిందటిసారి ఈ వీధి వాళ్ళు భయపడి ఇళ్ళలోనే కూచున్నారు. బావమరిది బొటాబొటీగా గట్టెక్కాడు. ఆ సంగతి అతనికీ తెలుసు, యజమానికీ తెలుసు.

ఆ సాయంత్రం ఇంటికి వస్తుంటే అత్త పళ్ళు నూరింది. "పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు. నీ మొహం చూస్తే లోపలున్నదంతా పైకే కనబడుతుంది. ఇద్దరి పనీ పోతే చంటిదానికి మందు ఎక్కణ్ణుంచి తెస్తాం? నువ్వు ఇల్లు కదిలావో, నా అంత చెడ్డది ఇంకొకత్తి ఉండదు."

"నేనేమన్నాను అత్తా?"

"అనలేదు. అదే నా భయం."

కోడలు తన చేతుల వంక చూసుకుంది. నెల రోజులుగా నల్లరంగు పని. మణికట్ల దాకా చేతులు నలుపు. గోళ్ళు మరీ నలుపు. తొడుగులు వేసుకుంటే వేడినీళ్ళు లోపలికి దిగి బొబ్బలెక్కుతాయని అందరూ ఉత్త చేతులే ముంచుతారు. ఈ నలుపులో వాళ్ళు పెట్టే చిన్న మచ్చ ఎవరికి కనబడుతుంది? ఆ ఆలోచన రాగానే భయం కాస్త సడలింది. థర్మామీటరుది ఉత్త బెదిరింపే అనిపించింది.

* * *

పోలింగు రోజు మధ్యాహ్నం అత్త చంటిదాన్ని పక్కన వేసుకుని కళ్ళు మూసుకుంది. కోడలు చెప్పులు చేత్తో పట్టుకుని గడప దాటింది.

బడి దగ్గర వరస పొడుగ్గా లేదు. తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని చూసింది. ఎవరూ లేరు. నేనొక్కదాన్నే, అనుకుంది. వెనక మోటారు సైకిలు ఆగిన చప్పుడైంది. తిరిగి చూసే ధైర్యం రాలేదు. దిగింది ఎవరో ముసలాయన. మనవడి భుజం పట్టుకుని నడిచొచ్చి వరసలో నిలబడ్డాడు.

లోపల బల్ల దగ్గర అధికారి ఆమె ఎడమచెయ్యి పట్టుకుని ఆగిపోయాడు.

"ఏమ్మా, ఇదివరకే వేసేశావా?"

"లేదండీ."

"మరి ఈ నలుపేమిటి? సిరా కనబడకుండా పూసుకొచ్చావా?"

పక్కన కూచున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. వెనక్కి పంపేస్తారా? పోలీసును పిలుస్తారా? పిలిస్తే షెడ్డుకు తెలియకుండా ఉంటుందా? ఆమె కుడిచెయ్యి కూడా తీసి బల్ల మీద పెట్టింది. పది వేళ్ళూ, పది గోళ్ళూ ఒకటే నలుపు.

అధికారి ఆ చేతుల వంక చూశాడు. "పది వేళ్ళకీ పది ఓట్లు వేసి రాలేదు కదా?" అన్నాడు నెమ్మదిగా.

"రంగుల షెడ్డులో పనండీ."

"ఆఁ. పొద్దుణ్ణుంచీ ఇదే గోల," అని గొణుక్కుంటూ ఆమె చూపుడువేలు తడిగుడ్డతో తుడిచాడు. ఆ నలుపు కదిల్తేనా! గోరూ చర్మమూ కలిసేచోట సిరా గీత గీశాడు. పొద్దుణ్ణుంచీ ఇదే గోల అంటే ఏమిటో ఆలోచించే స్థితిలో ఆమె లేదు.

అట్టముక్కల చాటుకు వెళ్ళింది. ఒక కాగితం, ఒక ముద్ర. అక్కడ ఎవరూ లేరు. థర్మామీటరు లేడు, అత్త లేదు, భర్త కూడా లేడు. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఏ పని చేసినా పక్కన ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారు. ఇక్కడ చూసేవాళ్ళు లేకపోవడమే ఆమెకు వింతగా, భయంగా కూడా ఉంది. ముద్ర పక్క గడిలోకి జరిగితే ఇంత సాహసమూ గంగపాలు. ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని నర్సు గుర్తు మీద ముద్ర నొక్కింది.

ఇంటికొచ్చేసరికి అత్త ఇంకా పడుకునే ఉంది. గురక కూడా వినబడుతోంది.

* * *

మర్నాడు పొద్దున గేటు లోపల నీలం డ్రమ్ము కనబడింది.

దాన్ని చూడగానే కోడలు ఆగిపోయింది. ఆ వాసన ఆమెకు బాగా తెలుసు. బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్ళు. పెళ్ళికో పేరంటానికో వెళ్ళాల్సి వచ్చినప్పుడు చేతుల రంగు వదిలించుకోడానికి షెడ్డులో అందరూ వాడేవే. వాటిలో ముంచి రుద్దితే నలుపు ఊడిపోతుంది. ఎన్నికల సిరా మాత్రం ఊడదు.

అంత తెలిసిన విషయం ఆమెకు తట్టనే లేదు.

"నేనూ ఒకప్పుడు ఈ తొట్లలో చేతులు ముంచినవాణ్ణే," అన్నాడు థర్మామీటరు, చొక్కా చేతులు మడుచుకుంటూ. "మీ తెలివి నా దగ్గరా? రండి, ఒక్కొక్కరూ రండి. ఎడమచెయ్యి."

వెనకాల గేటు మూసుకుంది. వాచ్‌మన్ గొళ్ళెం వేశాడు.

మొదట కిలకిల వెళ్ళింది. ప్రతిదానికీ నవ్వుతుంది కాబట్టి ఆమెకా పేరు. ఇవాళ నవ్వడం లేదు. చూపుడువేలికి గుడ్డ కట్టుకుని వచ్చింది.

"ఏమైంది?"

"కత్తిపీట తగిలిందండీ."

"పాపం," అని గుడ్డ ఒక్క లాగు లాగాడు. తెగిన గాయం లేదు. చెయ్యి పట్టుకుని డ్రమ్ములో ముంచి బొటనవేలితో రుద్దాడు. నలుపు నీళ్ళలోకి పొగలా విడిపోయింది. పాలిపోయిన వేలు బయటికొచ్చింది. గోటి మొదట్లో ముదురు గీత.

"ఆ గోడ దగ్గర నిలబడు."

కిలకిల గోడ దగ్గరికి వెళ్ళి మొహం చేతుల్లో దాచుకుంది. కోడలు చుట్టూ చూసింది. గేటు మూసి ఉంది. పక్కన ఆవిరి గొట్టం వేడికి ఠక్‌ఠక్‌మంటోంది. వేలు దానికి ఆనిస్తే? చర్మం కాలి ఊడిపోతే? ఒక అడుగు అటు వేసింది కూడా. అత్త చటుక్కున ఆమె రెక్క పట్టుకుని వరసలోకి లాగింది.

"కదలకు," అంది పళ్ళ బిగువున. అత్త చెయ్యి చల్లగా ఉంది, చెమటతో జారుతోంది.

రెండో మనిషి వేలు. గీత. గోడ దగ్గరికి.

మూడో మనిషి. గీత.

థర్మామీటరు రుద్దడంలో వేగం పెరిగింది. ఆ తరవాతి ఆమె వేలి మీద ఏమీ లేదు. అతను హమ్మయ్య అనుకున్నట్టు భుజాలు దించాడు. కానీ ఆమె తన శుభ్రమైన వేలిని పిడికిట్లో దాచుకుని, గోడ దగ్గరున్నవాళ్ళ వైపు చూడలేక తల తిప్పుకుంది. ఆ వెనక మనిషికి గీత. ఆ వెనక ఇద్దరికీ గీతే. ఎవరికి వాళ్ళు తామొక్కరే అనుకుని, ఒకరికి తెలియకుండా ఒకరు వెళ్ళొచ్చినవాళ్ళే. ఇప్పుడు గోడ పొడుగునా నిలబడి ఒకరి చేతులొకరు చూసుకుంటున్నారు.

అత్త వంతు వచ్చింది. ముంచాడు, రుద్దాడు. గీత!

కోడలు నోరు తెరిచింది. "అత్తా, నువ్వా!"

"నోరు ముయ్యి. నువ్వు చెప్పులు చేత పట్టుకుని పిల్లిలా వెళితే నాకు తెలీదనుకున్నావా? నేను కూరగాయలకని పొద్దున్నే వెళ్ళొచ్చా."

కోడలి వేలు బ్లీచింగులో చుర్రుమంది. గీత కొట్టొచ్చినట్టు బయటపడింది.

థర్మామీటరు మొహం జేవురించింది. ఒక్కరినో ఇద్దరినో గెంటేసి మిగతావాళ్ళని హడలగొట్టాలని వచ్చినవాడు. ఇప్పుడు దాదాపు షెడ్డు మొత్తం గోడ దగ్గరుంది. అతని చూపు ఒక వేలి నుంచి ఇంకో వేలికి పరుగెత్తి, అక్కడే ఆగిపోయింది. గీత ఉంది సరే. ఓటు ఎవరికి పడిందో ఆ గీత చెప్పదు.

"ఎవరికేశారు?" అరిచాడు.

"మీ వాళ్ళకే బాబూ," అంది అత్త వెంటనే. "కిందటిసారి అంత బొటాబొటీగా గెలిచారు కదా, ఈసారి ఓడిపోతారేమోనని బెంగ. ఆగలేకపోయాం."

"నేనూ మీ వాళ్ళకేనండీ," అంది కిలకిల, ముక్కు చీదుకుంటూ.

"నేనూ."

"మా ఇంటిల్లిపాదీ మీకేనండీ."

అబద్ధమని అతనికి తెలుసు. అది అబద్ధమని రుజువు చేసే దారి మాత్రం ఎక్కడా లేదు. అతను వరస వెంట నడుచుకుంటూ వచ్చి కోడలి ముందు ఆగాడు. అందరిలోకీ మెత్తనిది ఎవరో ఎంచుకున్నాడు.

"నువ్వు చెప్పు. ఉత్తినే కాదు, నీ కూతురి మీద ఒట్టేసి చెప్పు. ఎవరికేశావు?"

'మీకే' అంటే చాలు. రెండక్షరాలు. కళ్ళ ముందు చంటిదాని మోచేతులు మెదిలాయి. ఎవరి కోసం వెళ్ళిందో ఆ పిల్ల మీదే దొంగ ఒట్టు. పక్కనుంచి అత్త గిల్లుతోంది, అనవే, అనవే అన్నట్టు.

"ఒట్టు వెయ్యనండీ," అంది కోడలు. గొంతు ఆమెకే వినబడలేదు. మళ్ళీ అంది. "ఎవరికేశానో చెప్పను. అది నాదండీ."

"అయితే నడు బయటికి."

ఆమె గేటు వైపు నడిచింది. పని పోయింది. అత్త ఒక్కతే తెచ్చే దాంతో ఎలా? మందులు ఎలా? కళ్ళు మసకబారి గొళ్ళెం కనబడలేదు.

"నల్ల తొట్టి మరుగుతోందండోయ్!" లోపలి నుంచి బాయిలరు చూసే పెద్దాయన కేక; అతన్ని అందరూ బాయిలరు మామ అంటారు. "పొద్దున్నే నూలు వెయ్యమన్నారు, వేశాను. తిప్పేవాళ్ళేరీ? ఇంకాసేపుంటే మచ్చలు పడిపోతుంది!"

"వెళ్ళండి లోపలికి!" థర్మామీటరు గోడ వైపు తిరిగి అరిచాడు.

ఎవరూ కదల్లేదు.

"మమ్మల్ని తీసేశారు కదండీ," అంది కిలకిల.

"ఎవరన్నారు తీసేశామని?"

"గోడ దగ్గర నిలబడమన్నారు కదా."

"కోడల్ని కూడా పిలవమంటారా బాబూ?" అడిగింది అత్త. "అదీ నేనూ ఒకే తొట్టి. రెండోవైపు మనిషి లేకపోతే నేనొక్కదాన్నీ తిప్పలేను."

బాయిలరు మామ మళ్ళీ కేకేశాడు. నూలు మొత్తం పాడైతే యజమాని ముందు నిలబడాల్సింది థర్మామీటరే. అతను పళ్ళు కొరుక్కున్నాడు.

"అందరూ చావండి లోపలికి! లెక్కింపు కానీ, అప్పుడు చెబుతా ఒక్కొక్కరి సంగతి."

కోడలు తొట్టి దగ్గరికి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. కర్రకు వేలాడుతున్న నూలు చిలపను ఇటునుంచి ఆమె, అటునుంచి అత్త ఎత్తి తిప్పారు. లెక్కింపు ఇంకా ముందుంది. నర్సు ఓడితే? గెలిచినా వీళ్ళు ఊరుకుంటారా?

"అబద్ధమాడటం కూడా చేతకాదు నీకు," అత్త ఆవిరిలోంచి తిట్టింది. "ఇంకాస్తుంటే నా ప్రాణం పోయేది." గొంతు తగ్గించింది. "ఇంతకీ ఎవరికేశావే?"

"చెప్పను అత్తా."

అత్త ఆమెను ఎగాదిగా చూసింది. కర్ర ఇంకో వైపుకు తిప్పింది.

"సరేలే. నేనూ నీకు చెప్పను."