పదమూడో ఏటి లెక్క

నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మా ఆవిడ జయమ్మాళ్ వీధంతా చెప్పుకుంటుంది. నిజమే, ఉంటుంది. మా అన్న రఘునాథన్ ఎదుటికి పోతే మాత్రం ఆ కోపం ఎక్కడ దాక్కుంటుందో నాకే తెలియదు. తట్టాంచావడిలోని లేత్ మిషన్ల వర్క్‌షాపు ఆయనది. నేను అందులో పనివాణ్ణి. నెలనెలా జీతం ఇచ్చే చేతి ముందు నోరు అంత సులభంగా లేవదు.

మా అమ్మాయి నందిత లెక్కల్లో బియస్సీ ముగించింది. దానికోసం బ్యాంకులో లక్షా ఎనభై వేలు అప్పు చేశాం. ఇప్పుడు కాలాపేట యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. చదువు అయ్యేదాకా పాత అప్పు వాయిదాలు కట్టక్కర్లేదనీ, ఇంకో లక్ష ఇస్తామనీ బ్యాంకువాళ్ళు అన్నారు. కాకపోతే నా జీతం సర్టిఫికెట్ కావాలట. దానిమీద సంతకం చేయాల్సింది మా అన్నే. శుక్రవారం లోపల అది బ్యాంకుకు చేరకపోతే సీటు పోయినట్టే.

అన్న చెడ్డవాడు కాడు. నందిత స్కూలు ఫీజు రెండేళ్ళు ఆయనే కట్టాడు. అయినా సర్టిఫికెట్ అడగగానే, అప్పుమీద అప్పు దేనికి, పద్దులు రాసేదానికి పాపను నా దగ్గరికే పంపు, నెలకు పదిహేను వేలు ఇస్తానన్నాడు. సీటు పోతుందని గొణిగాను. అప్పుడాయన తన పద్ధతి చెప్పాడు. ఏ మిషన్ కొన్నా పదేళ్ళలో పెట్టిన డబ్బు తిరిగి రావాలి, రాదంటే కొనడు. చదువుకూ అదే లెక్క అన్నాడు. పాపే లెక్క వేసుకుని రావాలి, పదేళ్ళలో తేలితే సంతకం పెడతాడు.

నందిత మూడు రోజులు అదే పనిగా కూర్చుంది. ఎమ్మెస్సీ చేసి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకు ఫోన్లు చేసి ఎవరికెంత వస్తుందో అడిగింది. చేరిన కొత్తల్లో పంతొమ్మిది వేలకు మించి వస్తుందని ఎవరూ చెప్పలేదు. ఆ అంకెతో పదేళ్ళలో తేలదని తెలిసి నాకు గుండె జారింది. ఇరవై అయిదని రాసెయ్, అన్న ఎవరిని పోయి అడుగుతాడని చెవిలో చెప్పాను.

"దొంగ లెక్క చూపించి లెక్కల సీటు అడిగేదానికి నాకు మొగం చెల్లదు నాయనా" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఇంత మంకుపట్టు ఎవరి పోలికే అని అరిస్తే జయమ్మాళ్ నా వైపు చూసి నవ్వింది.

గురువారం మధ్యాహ్నం ఇద్దరం అన్న గదిలోకి వెళ్ళాం. నందిత ఏడాదికొక వరుసగా రాసిన కాగితం బల్లమీద పరిచి నెమ్మదిగా వివరించింది. రెండేళ్ళు ఉద్యోగం లేకుండా చదివితే పోయే జీతం మూడు లక్షల అరవై వేలు. పాత అప్పు ఎలాగూ కట్టాల్సిందే కాబట్టి అది వదిలేసి, కొత్త లక్షా, వడ్డీలూ కలిపి లక్షా నలభై వేలు. మొత్తం అయిదు లక్షలు వెనకబడుతుంది. ఆ తర్వాత పెద్దనాయన ఇచ్చేదానికంటే నెలకు నాలుగు వేలు ఎక్కువ వస్తుంది, అంటే ఏడాదికి నలభై ఎనిమిది వేలు.

అన్న వేలు పదో వరుస దగ్గర ఆగింది. చదువు రెండేళ్ళు పోతే సంపాదన ఎనిమిదేళ్ళే కాబట్టి అక్కడ ఇంకా లక్షా పదహారు వేలు నష్టమని ఉంది.

"పాపే రాసుండాది, చూస్తివా కేశవా" అని పెన్ను మూత పెట్టేశాడు.

"ఇంకా కింద చూడండి పెద్దనాయనా. పదమూడో ఏడు కొత్త అప్పూ నష్టమూ తీరిపోయి లాభం వొస్తాది. అప్పటికి నాకు ముప్పై నాలుగే."

పదేళ్ళు దాటిన దేనికీ విలువ లేదనీ, తన పద్దులో అలాంటి వాటికి సున్నా వేసేస్తాననీ అన్న అన్నాడు. సున్నా అనే మాట వినగానే, దాక్కున్న నా కోపం బయటికి వచ్చేసింది.

"అన్నా, నేను నిలబడే లేత్ ఎప్పుడు కొంటివి? నేను పన్లో చేరిన ఏడు. ఇరవై ఆరేండ్లు. నీ పద్దులో దానికి సున్నా పడి పదహారేండ్లాయ. ఈ పదహారేండ్లు మన రెండిండ్లకు కూడు యాడనించి వొచ్చింది?"

జన్మలో మొదటిసారి ఆయనతో అలా మాట్లాడాను. భయమేసింది. రేపు పనికి రావద్దంటే ఇల్లెలా గడుస్తుందో తెలియదు. అయినా సంతకం లేకుండా ఆ గది దాటకూడదని నిలబడ్డాను.

అన్న నందిత వైపు తిరిగాడు.

"సరే. పదమూడో ఏడు గూడా తేలకపోతే? ముప్పై ఏండ్లకు గూడా నష్టమే అని లెక్క వొస్తే ఏంది చేస్తావు?"

నందిత తడుముకోలేదు.

"అప్పుడూ చదువుతా పెద్దనాయనా. అప్పు నేనే కడతా. నష్టమని రాసిన ఆ కాగితం గూడా మీకు చూపించే చదువుతా."

అన్న ఆ కాగితాన్ని మొదటి వరుస నుంచి మళ్ళీ చదివాడు. ఒక్క అంకె కూడా తనకు అనుకూలంగా వేసుకోలేదు నా బిడ్డ. ఆయన పెన్ను మూత తీసి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాడు. వర్క్‌షాపు ముద్ర నావైపు తోసి, నన్నే వెయ్యమన్నాడు.