ఎద్దు తిరిగిన వరుస

మెయిలు గుమాస్తాకి కదలని గదిలో ఊపిరాడదు. ఇంట్లో అన్నానికి కూర్చున్నా మోకాలు ఊగుతూనే ఉంటుంది. "భూమి తిరుగుతోంది చాలదా, నువ్వు బల్లని కూడా తిప్పాలా?" అంటూ భార్య ఒక చేత్తో కంచం పట్టుకుని ఇంకో చేత్తో వడ్డిస్తుంది. పరుగెత్తే రైల్లో, తపాలా బోగీలో నిలబడి ఉత్తరాలు విడదీసే ఉద్యోగం అతనిది. రైలు ఊగుడు ఒంట్లోకి దిగిపోయిందంటారు తోటివాళ్ళు. వాళ్ళకేం తెలుసు? ఆ ఊగుడు రైలుది కాదు. రెండు తరాల ముందు నుంచీ వస్తోంది.

తాత కౌలురైతు. అంటే నాగలి తనది, నేల పరాయిది. ఆ నేల గల ఆసామికి ఏడు ఊళ్ళలో భూములు. ఒక పొలాన్ని ఒక్కడే ఎక్కువకాలం దున్నితే వాడు "ఇది నాది" అంటాడేమోనని ఆసామికి భయం. చట్టం కూడా వాడితో గొంతు కలుపుతుందేమోనని ఇంకా భయం. అందుకని రెండు మూడు పంటలకోసారి లేపేసేవాడు. రాళ్ళేరి, ముళ్ళు కొట్టి, గట్టు పోసి, నేల కాస్త మెత్తబడేసరికి "నువ్వు అవతలి ఊరికి పో, అక్కడివాడు ఇక్కడికొస్తాడు" అనేవాడు. తాత ఆ ఏడు ఊళ్ళ బీళ్ళన్నీ సాగులోకి తెచ్చాడు. తెచ్చి, కట్టిన మూటలు పూర్తిగా విప్పకుండానే పోయాడు. ఆసామి మనవలకు కూడా తిండి పెడుతున్నది ఆ మూటలవాడి చెమటే. ఈ ముక్క ఎవరూ ఎక్కడా రాయరు గనక ఇక్కడ రాస్తున్నాం.

నాన్న వేరే మనిషి. ఆ ఏడు ఊళ్ళలోనే ఒకచోట మెరక పొలంలో దిగాడు, లేవలేదు. లేపడానికొచ్చిన వాళ్ళతో, "విత్తనం మొలకెత్తిందండీ, కోశాక పోతా" అనేవాడు. కోసేలోపు పక్క మడిలో ఇంకో విత్తనం చల్లేవాడు. పోతా పోతా అంటూనే జుట్టు నెరిసింది. కొడుకుని మాత్రం బడికి తరిమాడు. కొడుకు పరీక్ష రాసి, ఒకచోట కాలు నిలవని ఉద్యోగమే ఏరికోరి పట్టుకున్నాడు. "మీ నాన్నని ఎవడూ కదపలేడు, నిన్ను ఎవడూ ఆపలేడు. మధ్యలో నేను సచ్చిపోతున్నా" అనేది అమ్మ.

బోగీ గోడ నిండా చెక్క గూళ్ళు. ఊరికో గూడు. రైలు ఆగే వరుసలో, ప్రతి వరుసా ఎడమ నుంచి కుడికి సాగాలనీ, ప్రతి గూటి కిందా ఊరి పేరు అతికించాలనీ నిబంధన. గుమాస్తా చేరిన కొత్తలోనే దాని మీద విసుక్కున్నాడు. పై వరుస ముగిసేసరికి చెయ్యి కుడి చివర ఉంటుంది. కింది వరుస మొదలెట్టాలంటే మళ్ళీ ఎడమ చివరకి ఖాళీ చెయ్యి రావాలి. ఏ పిచ్చివాడైనా నాగటి చాలు చివరిదాకా దున్ని, ఎడ్లను ఉత్తినే వెనక్కి నడిపించుకొచ్చి రెండో చాలు మొదలెడతాడా? ఎద్దు ఎక్కడ ఆగిందో అక్కడే తిరుగుతుంది. నాన్న వెనక అరక తోలిన చెయ్యి కదా, అదీ అలాగే తిరిగింది. రెండో వరుసని కుడి నుంచి ఎడమకి పెట్టుకున్నాడు. పేర్ల కాగితాలు ఊడిపోతే మళ్ళీ అతికించలేదు. తోటివాళ్ళు అతనికి 'అరక' అని పేరు పెట్టారు. "అరకా, ఎడ్లకి నీళ్ళు పెట్టావా?" అంటూ టీ గ్లాసు అందించేవారు. పని మాత్రం అందరికంటే ముందు ముగించేవాడు.

ఒకరోజు బోగీలోనే జ్వరం పట్టుకుంది. గూళ్ళు నింపేశాడు గానీ, కట్టలు కట్టి సంచుల్లో వేసే ఓపిక లేదు. నడిదారి స్టేషన్లో అతన్ని దించేసి, బదులు గుమాస్తాని ఎక్కించారు. మడత నలగని చొక్కా వేస్తాడని ఆ బదులు గుమాస్తాని అందరూ 'ఇస్త్రీ' అంటారు. అరక తూలుతూ దిగాడు, ఇస్త్రీ చొక్కా సర్దుకుంటూ ఎక్కాడు. ఒకరినొకరు చూసుకుని తలాడించుకున్నారు. అంతే.

జ్వరం తగ్గి మళ్ళీ పనిలోకి వెళ్ళాలనుకుంటుండగా మేనమామ వచ్చాడు. అమ్మకి తమ్ముడు. ఏడు ఊళ్ళలో చివరి ఊళ్ళో అదే ఆసామికి కౌలుదారు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అల్లుడూ, బాగున్నావా? బాగుంటావులే."

"లోపలికి రా మావయ్యా. ఏంటలా ఉన్నావు?"

"ఎలా ఉండాలి? మీ నాన్నకి పొలం వచ్చింది. మా ఆరు ఊళ్ళకి మూటలు మిగిలాయి. కోత అవగానే లేవమన్నారు."

ఏళ్ళ తరబడి దున్నిన నేల మీద హక్కు రాసివ్వాలని ఏడు ఊళ్ళ కౌలుదార్లూ కలిసి భూమి కచేరీలో దావా వేశారు. ఆ సంగతి గుమాస్తాకి తెలుసు. వాయిదాకి ఇంకా చాలా రోజులుందని కూడా తెలుసు.

"వాయిదా ఇప్పుడెక్కడిది మావయ్యా?"

"ఆసామి ప్లీడరు ఏం మంత్రం వేశాడో, ముందుకి జరిపించాడు. జరిగిందని నోటీసులు పంపారు. మా నోటీసులు వేరే ఊళ్ళో దిగి, ఊరేగి ఊరేగి, వాయిదా అయ్యాక చేరాయి. ఆరు ఊళ్ళదీ అదే కథ. రాలేదు గనక హక్కు లేదని కొట్టేశారు. మీ నాన్న ఊరికి మాత్రం అన్నీ వేళకి అందాయి. జనం ఏమంటున్నారో చెప్పనా?"

"చెప్పు."

"బోగీలో మన పిల్లాడున్నాడని మురిసిపోయాం, వాడు వాళ్ళ నాన్న కంచంలోనే వడ్డించాడు అంటున్నారు. నేను కాదన్నా. నువ్వు కూడా కాదను. విని వెళ్ళిపోతా."

"మీ ఊరి నోటీసులు ఏ ఊళ్ళో దిగాయి?"

"మొదటి ఊళ్ళో. వాళ్ళవి మాకొచ్చాయి."

గుమాస్తా చెయ్యి గాల్లోకి లేచింది. రెండో వరుస. ఏడు గూళ్ళు, ఈ ఏడు ఊళ్ళవే. అతను కుడి నుంచి నింపాడు, ఇస్త్రీ నిబంధన ప్రకారం ఎడమ నుంచి కట్టాడు. మొదటిది చివరికి, చివరిది మొదటికి. నడిమి గూడు ఎటు నుంచి చూసినా నడిమిదే. నడిమి గూడు నాన్న ఊరు.

మోకాలు ఊగడం ఆగిపోయింది. లోపలి నుంచి భార్య తొంగి చూసింది, ఏం జరిగిందోనని.

"కాదనలేను మావయ్యా" అన్నాడు. "కావాలని చెయ్యలేదు. కానీ చేసింది నేనే."

ఆ మధ్యాహ్నమే వెళ్ళి తపాలా సూపరింటెండెంటు ముందు నిలబడ్డాడు. ఆయన అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నోటీసులు వేశారు, అందాయి, కాస్త ఆలస్యమైంది. మనం రాసేది ఇంతే."

"అంతే రాస్తే కచేరీ దావా తిరగదోడదండీ. తప్పు దారిలో పోయాయని రాయాలి."

"ఎవరి తప్పని రాయను?"

"నాదని."

"అలా రాస్తే బోగీ దిగిపోతావ్. ముద్రల గదిలో కూర్చోబెడతా. కూర్చోగలవా నువ్వు?" ఆయన నవ్వాడు, చెడ్డ నవ్వేమీ కాదు. "ఇంకోటి. దావా ఒక్కటే. తిరగదోడితే ఏడు ఊళ్ళకీ తిరగదోడతారు. మీ నాన్నకొచ్చింది కూడా పోవచ్చు. అడిగిరా."

నాన్న పొలం గట్టున గుంత తవ్వుతున్నాడు. పక్కన ఒక మామిడి మొక్క. కౌలు నేలలో చెట్టు నాటేవాడు వెర్రివాడు, కాయ తినేది ఎవడో. నాన్న బతుకులో నాటుతున్న మొదటి చెట్టు అది. గుమాస్తా గట్టు మీద అటూ ఇటూ నడుస్తూనే అంతా చెప్పాడు. నాన్న పార ఆపలేదు.

"ఎద్దు తిరగడం తప్పు కాదురా. అరక మేడి ఇంకొకడి చేతికిచ్చేటప్పుడు ఏ చాల్లో ఉన్నామో చెప్పాలి. అది నేర్పలేదా నీకు?"

"నేర్పావు."

"మరి?"

"జ్వరం నాన్నా."

"ఎద్దుకి జ్వరమొస్తే పూట పని పోతుంది. నీకొస్తే ఊళ్ళే పోయాయి."

"రాసిస్తే నీ పొలం కూడా మళ్ళీ మొదటికొస్తుంది. నీ కాగితం చెల్లదు."

నాన్న నడుం పట్టుకుని లేచాడు. "చుట్టూ చేలు కాలుతుంటే నా గడ్డివాము మిగిలిందని సంబరపడమంటావా? మీ మావయ్య మొహం చూసి రేపు అన్నం ఎలా తింటాను?" మొక్కని గుంతలో పెట్టి మట్టి తొక్కాడు. "పోయి రాసిచ్చెయ్."

"మొక్క?"

"నాటాను. పీకేది నేనైతే కాదు."

రాసిచ్చాడు. ముద్రల గదికి కిటికీ లేదు. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక సిరా దిండు. ఉత్తరం మీద ముద్ర, ముద్ర మీద ఉత్తరం. కుర్చీ ఖాళీగానే ఉండేది, అతను నిలబడి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ కొట్టేవాడు. పట్టాల మీద మెయిలు పోతుంటే బల్ల సన్నగా అదిరేది, అప్పుడు కాస్త ప్రాణం లేచొచ్చేది. ఒకనాడు కొత్త వాయిదా నోటీసులు చేతికిందికి వచ్చాయి. ముద్ర ఎంత గట్టిగా కొట్టాడంటే పక్క బల్లవాడు, "అరకా, అది కాగితం, బీడు కాదు" అన్నాడు.

వాయిదా రోజుకి సెలవడిగితే ఇవ్వలేదు. అయినా వెళ్ళాడు.

కచేరీ వసారా నిండిపోయింది. మెట్ల కిందికీ, రోడ్డు మీదికీ జనం. ఏడు ఊళ్ళూ వచ్చాయి. కొందరు గుమాస్తాని చూసి మొహం తిప్పుకున్నారు, కొందరు జరిగి చోటిచ్చారు. లోపల ప్లీడరు లేచి, ఆసామికి ఒంట్లో బాగోలేదు, వాయిదా వెయ్యమన్నాడు. అధికారి తలెత్తకుండానే, "కోతలయ్యాక చూద్దాం" అన్నాడు. అప్పటిదాకా పాత ఉత్తర్వు నడుస్తుందట. అంటే కోత కాగానే ఆరు ఊళ్ళనీ లేపేస్తారు. కోతలయ్యాక వీళ్ళు ఏ నేల మీద నిలబడి దావా నడపాలి? గెలవడానికి ఆసామికి దావా అక్కర్లేదు, వాయిదా ఉంటే చాలు.

"అయిపోయింది, లేవండి, లేవండి" అంటూ జవాను చేతులూపాడు. అలవాటైన జనం. కొందరు అప్పుడే తువ్వాళ్ళు దులుపుకుంటున్నారు. గుమాస్తా వసారా ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తున్నాడు. మావయ్య విసుక్కున్నాడు.

"ఒరేయ్, తల తిరుగుతోంది, ఒకచోట కూర్చోరా!"

గుమాస్తా ఆగాడు. సరిగ్గా గుమ్మానికి అడ్డంగా, అధికారి బయటికి రావాల్సిన దారిలో కూర్చున్నాడు. బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"కూర్చున్నా మావయ్యా. ఇప్పుడు లేపమను."

మావయ్య ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసి, పక్కన చతికిలబడ్డాడు. ఆ పక్కన నాన్న. తువ్వాళ్ళు దులిపినవాళ్ళు వాటినే పరుచుకున్నారు. వసారా, మెట్లు, రోడ్డు, వరుస తర్వాత వరుస దిగిపోయింది.

అధికారి సంచీ చంకన పెట్టుకుని గుమ్మందాకా వచ్చి ఆగిపోయాడు. "ఏంటిది? ఎంతసేపు కూర్చుంటారు?"

నాన్న చేతులు కట్టుకుని ఎంతో మర్యాదగా చెప్పాడు. "విత్తనం మొలకెత్తిందండీ. కోశాక పోతాం."

రోడ్డు మీద ఎవరో గట్టిగా నవ్వారు. ఆ నవ్వు మెట్లెక్కి వసారాలోకి వచ్చింది. దూరంగా మెయిలు కూత వేసింది. గుమాస్తా మోకాలు ఒకసారి ఎగిరిపడింది. దాని మీద చెయ్యి వేసి నొక్కాడు.

అధికారి జనం తలల మీదుగా రోడ్డు చివరిదాకా చూశాడు. వెళ్ళడానికి దారి లేదు. వెనక్కి వెళ్ళి కుర్చీలో కూలబడి, ప్లీడరుని పిలవమన్నాడు. జవాను గుమ్మంలోకి వచ్చి గొంతు సవరించుకుని మొదటి ఊరి పేరు పిలిచాడు.