ఎర్రబడిన తూర్పు గోడ

తెర మీద తూర్పు గోడ మొత్తం ఎర్రబడింది.

మా బంగారు గని గొయ్యిలో గోడలు కదులుతున్నాయేమో కనిపెట్టి ఉండటమే నా ఉద్యోగం. పడమటి గట్టు మీద ట్రాలీకి ఎక్కించిన రాడార్ ఎదుటి గోడని రాత్రింబవళ్లు కొలుస్తూ ఉంటుంది. రాయి వెంట్రుకవాసి ముందుకు జరిగినా ఆఫీసులో నా తెర మీద ఆ చోటు ఎర్రగా కనబడుతుంది. కూలబోయే గోడ ఎప్పుడూ ఒక చోట కదలడం మొదలుపెడుతుంది, పుండులాగా. అడుగు నుంచి అంచు దాకా ఒకే ఎరుపు నేనెన్నడూ చూడలేదు. ఎప్పటికీ కదలదని మేం కొలతకి ఆధారంగా పెట్టుకున్న నల్లరాయి కూడా ఎర్రగానే ఉంది.

కదలిక కొలవడానికి గోడకి అద్దాలు కూడా బిగించి ఉన్నాయి. ఉత్తరపు గట్టు మీంచి వాటిని కొలిచే కల్గూర్లీ పట్నం సర్వేవాళ్లకి ఫోన్ చేశాను. ఆవగింజంత కూడా కదల్లేదన్నారు. ఇద్దరు సాక్షులు, రెండు మాటలు. ఎవర్ని నమ్మాలో తెలియక నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కింద ఆ గోడ పాదం దగ్గరే నైరీ తన యంత్రంతో రాయి తోడి లారీలకెత్తుతోంది. మొన్న ఎండ సెగకి రాడార్ తికమకపడితే గొయ్యి ఖాళీ చేయించి నవ్వులపాలయ్యాను. అయినా సరే, ముందు మనుషులు, తర్వాత లెక్కలు. వాకీటాకీ అందుకున్నాను.

"మళ్లీ నాన్నా పులేనా, రోవీనా?" అన్నాడు డెస్. గొయ్యిలో పని నడిపించేది అతనే. "ఈసారి పులికి తోకన్నా ఉందా?"

"ఒళ్లంతా ఉంది. అందర్నీ పైకి తీసుకురా."

"వస్తాంలే తల్లీ. టీ నీళ్లు పొయ్యి మీద పెట్టు."

పైకంటే పడమటి గట్టే. రాడార్ పక్కన రేకుల గది, దాని ముందు అలారం మోగితే అందరూ చేరాల్సిన చోటని ఒక బోర్డు. గోడకి దూరం, నీడ ఉంది, టీ ఉంది, ఇంకేం కావాలనుకుని ఎవరో ఎప్పుడో పాతారు. ఆ గట్టు కింద తాతలనాటి సొరంగాలున్నాయని ఊళ్లో అందరికీ తెలుసు. వాటిని పూడ్చేశారని కూడా అందరికీ తెలుసు.

నేను వెళ్లేసరికి జనం చేరారు. నైరీ సాసు కారుతున్న మాంసం కూరిన రొట్టె కొరుకుతూ, "ఏ గోడమ్మా పడేది? మా అత్తగారి ప్రహరీయా?" అంది. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. రాడార్ దగ్గరికి పోయి దుమ్ము తుడిచాను, తీగలు లాగి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. ట్రాలీకి బిగించిన రసమట్టంలో బుడగ మాత్రం, నేల గొయ్యి వైపు వాలినట్టు, వెనక్కి జారి ఉంది. జాకీ తిప్పి మధ్యకి తెచ్చాను. డెస్ ఇచ్చిన టీ అందుకుని తిరిగేలోగా బుడగ మళ్లీ జారింది.

రైల్లో కూర్చున్నవాడికి స్టేషనే కదిలినట్టుంటుంది. గోడ మా మీదికి రావట్లేదు. గట్టుతో సహా మేమే గోడ మీదికి పోతున్నాం. ఆ చోటికి వాళ్లందర్నీ పిలిచింది నేనే.

"కిందికి! అందరూ గొయ్యిలోకి!" అని అరిచాను. గేటు దారి కూడా ఈ గట్టు మీదుగానే పోతుంది. మిగిలింది గొయ్యి బాటే.

"గోడ పడుతుందని ఇప్పుడే కదా లాక్కొచ్చావు?" అన్నాడు డెస్.

"గోడ కాదు, మనం!"

"మనం ఏంటి?"

"మనం పడుతున్నాం!"

మళ్లీ నవ్వులు. విడమరిచి చెప్పే ఓపిక, తెలివి రెండూ నాకప్పుడు లేవు. కప్పు విసిరికొట్టి, పడుతుందని నేనే చెప్పిన గోడ కిందికి పరిగెత్తాను.

"దీనికి నిజంగానే పిచ్చెక్కింది! చస్తుంది, పట్టుకోండి!" అంటూ నైరీ నా వెనకాల. ఆమె వెనక మిగతావాళ్లు. నన్ను కాపాడదామనే అందరూ దిగారు.

సగం బాటలో ఉండగా వెనక పెద్ద చప్పుడైంది. తిరిగి చూస్తే గట్టు మీద రేకుల గది లేదు, రాడార్ లేదు. ఎర్రదుమ్ము లేస్తోంది. అందరికన్నా ఆఖరున డెస్ దగ్గుకుంటూ వచ్చి మాలో కలిశాడు. తలలు లెక్కపెట్టాం. ఎవరూ తగ్గలేదు.

ఎదురుగా తూర్పు గోడ. అది కదులుతోందో లేదో చెప్పే రాడార్ ఇప్పుడు లేదు. ఆ సొరంగాలు ఎందాకా పోయాయో తెలిసినవాళ్లు లేరు. డెస్ హెల్మెట్ తీసి గుండెకానించుకున్నాడు. వెటకారం పోయింది మనిషిలో.

"ఇప్పుడెక్కడ నిలబడమంటావమ్మా?" అన్నాడు.

ఒక్కరూ నవ్వలేదు. అందరూ నా వంకే చూస్తున్నారు, నేనేం చెబితే అది చేసేలా.

"నాకు తెలియదు," అన్నాను.

అయినా ఎవరూ నా మీంచి చూపు తిప్పలేదు.