గోరింటాకు ఈగ

రియాద్‌లో మలాజ్ పేటలోని అబూ ఫైసల్ ఇంట్లో బాబ్జాన్ పద్నాలుగేళ్లుగా డ్రైవరు. రాయచోటి మనిషి. ఈ పద్నాలుగేళ్లలో యజమాని చెప్పిన పనల్లా చేశాడు. ఒంటెపాల కోసం ఎడారిలో తిరిగాడు. తప్పిపోయిన చిలకను పేరు పెట్టి పిలుస్తూ వీధులన్నీ గాలించాడు. కానీ ఈగలు కొనడానికి బజారుకు వెళ్లాల్సి వస్తుందని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

తప్పంతా బోస్నియాది. రిటైరైన ఏడాది వేసవికి కుటుంబంతో అక్కడికి వెళ్లిన అబూ ఫైసల్, నడుములోతు ఏటిలో నిలబడి ట్రౌట్ చేపలు పడుతున్నవాళ్లను చూశాడు. వాళ్లు ఎర గుచ్చరు. ఈకలూ దారమూ చుట్టి చేసిన ఉత్తుత్తి ఈగను గేలానికి కట్టి, పొడవాటి కర్రను కొరడాలా ఝళిపించి నీళ్లమీద వాలుస్తారు. నిజం ఈగే అనుకుని చేప ఎగిరి మింగుతుంది. ఆ దృశ్యం చూసినప్పటినుంచీ ఆయనకు నిద్ర లేదు. తిరిగొచ్చేటప్పుడు ఒక గేలం, చంకలదాకా వచ్చే రబ్బరు ప్యాంటు, డబ్బా నిండా పన్నెండు ఈగలు తెచ్చుకున్నాడు. ఆకులు రాలే కాలంలో ట్రౌట్‌కు ఆకలెక్కువని అక్కడెవరో చెప్పారట. ఆ కాలం కోసం కాచుక్కూర్చున్నాడు.

రియాద్‌లో ఆకులెప్పుడు రాలతాయో బాబ్జాన్‌కు తెలియదు. అక్టోబరు చివర ఒక పొద్దున కారులో ఏసీ ఒక మెట్టు తగ్గించమని యజమాని అన్నప్పుడు మాత్రం అర్థమైంది, కాలం వచ్చేసిందని.

ఊరికి దక్షిణాన హాయిర్ దగ్గర ఒక ఏరు పారుతుంది. ఊళ్లో వాడిన నీళ్లనే శుభ్రం చేసి వదిలితే ఏడాది పొడవునా అలా పారుతూనే ఉంటుంది. రెండు గట్లమీదా రెల్లు, తుమ్మచెట్లు. శుక్రవారం తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే అక్కడికి చేరారు.

"బాబా, ఇక్కడ ఆ చేప ఉంటుందా?" అని తనకొచ్చిన అరబీలో అడిగాడు బాబ్జాన్.

"నీళ్లున్నాయి, చలి ఉంది, నేనున్నాను. ఇంకేం కావాలి?" అన్నాడు అబూ ఫైసల్.

చలి ఇరవై ఆరు డిగ్రీలుంది.

రబ్బరు ప్యాంటులోకి ఆయన్ను ఎక్కించడానికే అరగంట పట్టింది. పొట్ట దగ్గర ఆగిపోతే, బాబ్జాన్ వెనకనుంచి పట్టీలు పట్టుకుని బస్తా ఎత్తినట్టు ఎత్తి దింపి కూరాడు. ఏట్లోకి దిగాక మొదటిసారి ఝళిపిస్తే ఈగ వెళ్లి తుమ్మకొమ్మకు తగులుకుంది. రెండోసారీ అంతే. మూడోది బాబ్జాన్ టోపీని ఎగరేసుకుపోయింది. పొద్దెక్కేసరికి పదకొండు ఈగలు చెట్టుమీద ఉన్నాయి. ముళ్లచెట్టు రంగురంగుల పూత పూసినట్టుంది. మిగిలిన ఒక్కటీ టోపీకి గుచ్చుకుని ఉంది. చేపలు మాత్రం హాయిగా ఆయన కాళ్లమధ్యనుంచి ఈదుకుంటూ పోయాయి.

"బతాకు పో, ఈగలు తీసుకురా," అన్నాడు ఆయన ఇంటికొచ్చాక.

బతా బజారులో దొరకనిది లేదంటారు. మొదటి దుకాణంలో బాబ్జాన్ ఉర్దూలో "చేపలు పట్టే ఈగ కావాలి" అంటే, ఈగలు కొట్టే బ్యాటు చేతిలో పెట్టారు. రెండో దుకాణంలో జిగురట్ట చూపించి, "దీనికి వంద ఈగలు అంటుకుంటాయి భాయ్" అన్నారు. "వదిలించుకోవడానికి కాదు భాయ్, దాచుకోవడానికి కావాలి," అన్నాడు బాబ్జాన్. మూడో దుకాణదారు ఆయన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, పనిలో పెట్టుకున్న కఫీల్ బాగా చూసుకుంటున్నాడా అని మెల్లగా అడిగాడు.

ఉత్తచేతులతో తిరిగొచ్చి వంటింటి గుమ్మంలో చతికిలబడ్డాడు. ఆ ఇంట్లో పనిచేసే హుస్సేన్‌బీది రాజంపేట. ఇక్కడికి రాకముందు పెళ్లి రవికెలకు మగ్గం పని చేసేది. టోపీలోని ఈగను తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది.

"ఇంతేనా? దీనికా నువ్వు బతా అంతా తిరిగినావు? నేను కడతా," అంది.

"నిజంగానా అక్కా?"

"ఈక దుమ్ము దులిపే కుంచెలో ఉండాది. దారం ఉండాది. మెడకాడ ఈ ఎర్రబొచ్చే యాడా దొరకదు." అలా అంటూ ఆమె చూపు బాబ్జాన్ ముఖమ్మీద ఆగింది. ఆయన గడ్డానికి నెలకోసారి గోరింటాకు పెడతాడు.

"ఏందక్కా, అట్ల జూస్తాండావు?"

"కదలొద్దు. రంగు సరిగ్గా సరిపోతాది."

"గడ్డమా! ఎనిమిదేండ్ల గడ్డం అక్కా!"

"నాలుగు ఎంటికలే గదా అబ్బీ, మళ్లా మొలుస్తాయి. ఆయప్ప పొద్దన లేస్తే ఈగ, ఈగ అని అరుస్తాండాడు. నిజం ఈగేమో అని నేను గుడ్డ తీసుకోని ఉరకలాడుతుండా. నా మోకాళ్లు పోతాండాయి."

నాలుగు వెంట్రుకలు గుప్పెడయ్యాయి. అయిదు ఈగలు తయారయ్యాయి. అద్దంలో చూసుకుంటే ఎడమ దవడమీద రూపాయి బిళ్లంత చోటు బోడిగా నవ్వుతోంది.

మరుసటి శుక్రవారం ఏట్లో నిలబడ్డ అబూ ఫైసల్‌కు ఫోను మోగింది. బావమరిది అబూ నవాఫ్. ఈ చేపల పిచ్చిని ఇంటిల్లిపాదికీ చెప్పి నవ్వుతున్న మనిషి. ఆయనతో పోట్లాడటానికి రెండు చేతులూ కావాలి కనుక, గేలాన్ని గట్టున ఉన్న బాబ్జాన్‌కు అందించాడు. ఈగ నీళ్లమీద తేలుతూ ఉంది. బాబ్జాన్ దాన్నే చూస్తున్నాడు. ఎంతైనా తన గడ్డం కదా.

నీళ్లు గుళుక్కుమన్నాయి. ఈగ మాయమైంది. చేతిలో ఏదో ప్రాణమున్నది గట్టిగా లాగింది.

"యా అల్లా!" అని కేకేసి, బావిలో చేద లాగినట్టు ఒక్క గుంజు గుంజాడు. చేప గాల్లోకి లేచి, ఎండలో తళుక్కుమని, ఫోనులో మాట్లాడుతున్న అబూ ఫైసల్ చెంపను ఛెళ్లుమనిపించి ఆయన రబ్బరు ప్యాంటులో పడింది.

ఆ తర్వాత అయిదు నిమిషాలు ఆయన ఏట్లో చేసిన నాట్యం వర్ణించలేం. ఒడ్డుకు చేర్చి పట్టీలు విప్పి చేపను తీశారు. అది తిలాపియా. ఆ ఏట్లో ఉండేవే అవి. బాబ్జాన్‌కు ఆ సంగతి తెలుసు. కానీ అబూ ఫైసల్ దాన్ని రెండు చేతులా ఎత్తి, "ట్రౌట్!" అన్నాడు. "ఫొటో తియ్యి!"

ఫొటో తీశాడు. చేపను నీళ్లలోకి వదిలేశారు. ఫొటో బంధువులందరికీ వెళ్లింది. "నేను పట్టాను" అనే మాటతోపాటు.

ఇంటికొస్తుంటే దారంతా బాబ్జాన్ కుడిచేతిలో ఆ లాగుడు ఇంకా ఉన్నట్టే అనిపిస్తోంది. స్టీరింగు పట్టుకున్నా చేప పట్టుకున్నట్టే ఉంది. అబూ ఫైసల్ భోజనం సరిగ్గా తినలేదు. సాయంత్రపు అస్ర్ నమాజు అయ్యాక అబూ నవాఫ్ నిజం తేల్చుకోవడానికి వచ్చేసరికి అతిథులు కూర్చునే మజ్లిస్‌లో తల వంచుక్కూర్చుని ఉన్నాడు.

"ఎలా పట్టావు, చెప్పు!" అన్నాడు బావమరిది.

అబూ ఫైసల్ కాసేపు తస్బీ పూసలు తిప్పాడు. "నేను పట్టలేదు," అన్నాడు చివరికి. "ఇదిగో, ఇతను పట్టాడు. నన్ను చేపతో కొట్టాడు కూడా." ఆ మాట అన్నాక ముఖం తేలికపడింది. బాబ్జాన్ వైపు తిరిగి, "మాకు నేర్పు," అన్నాడు.

బాబ్జాన్‌కు నేర్పడానికి ఏం తెలుసు? అయినా ఇద్దరు పెద్దమనుషులు బుద్ధిగా చూస్తుంటే నోరు ఊరుకోలేదు. ముందు బిస్మిల్లా అనాలన్నాడు. గేలాన్ని ఝళిపించొద్దన్నాడు. బావమరుదుల గురించి నీళ్లలో మాట్లాడొద్దన్నాడు. ఇవేవీ ఆయనకు అంతకుముందు తెలియవు. చెప్తుంటే తనకే నిజమనిపించాయి.

అలా నవంబరు రెండో శుక్రవారం మడతకుర్చీలో కాలుమీద కాలేసుకుని బాబ్జాన్ గట్టున కూర్చున్నాడు. రబ్బరు ప్యాంటులో అబూ ఫైసల్, పొడవాటి థోబ్ అంగీని నడుముకు చుట్టుకుని అబూ నవాఫ్, నోరు మూసుకుని ఏట్లో నిలబడ్డారు.

"చెయ్యి కిందికి బాబా... ఇంకొంచెం... ఆగు."

అబూ ఫైసల్ ఆగాడు. ఈగ మునిగింది. ఈసారి ఆయన గుంజలేదు, మెల్లగా లాగాడు. నాలుగు వేళ్లంత చేప. దాని తలమీద ముద్దుపెట్టుకున్నాడు. ఫొటో అనేలోపే అది జారి వెళ్లిపోయింది.

"నేను చూడలేదు," అన్నాడు అబూ నవాఫ్. ఆయన అప్పుడే తుమ్మకొమ్మనుంచి తన ఈగను తీసుకుంటున్నాడు.

అబూ ఫైసల్ కళ్లనిండా నీళ్లతో గట్టువైపు తిరిగాడు. "నువ్వు చూశావు కదా? చెప్పు! ఎంతుంది?"

బాబ్జాన్ అబద్ధాలాడే మనిషి కాదు. చూశానన్నాడు. అది నిజమే. ఎంతుందో చూపించడానికి రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టాడు. నాలుగు వేళ్ల దూరంలోనే పెట్టాడు. కానీ యజమాని ముఖం చూస్తుంటే చేతులు వాటంతటవే దూరం జరగసాగాయి. జానెడు దాటి, మూరెడు దాటి, కుర్చీ చేతులకు తగిలాకగానీ ఆగలేదు.