తాళంచెవికి కట్టిన బెండు

ఎవరూ వాడని బాత్రూమ్‌ని రోజూ పొద్దున్నే కడగడం రూతు పనుల్లో మొదటిది. బందరు నుంచి బెజవాడ వెళ్లే హైవే మీద, పామిడిముక్కల దగ్గర, లారీలు ఆగే రెస్ట్ ఏరియాలో వెనక మూలన ఉంటుందది. తలుపు మీద చీర కట్టుకున్న ఆడమనిషి బొమ్మ, ఆ బొమ్మ పక్కన తాళం. రూతు తాళం తీసి, లోపల సర్దిపెట్టిన కూల్‌డ్రింకు ట్రేలు పక్కకి జరిపి, ఫినాయిలు పోసి, చీపురుతో తోమి, ట్రేలు మళ్లీ సర్ది, తాళం వేస్తుంది. నిన్న కడిగిన నేల మీద తన కాళ్ల గుర్తులు తప్ప ఇంకొకరివి కనపడవు. "మా లేడీస్ బాత్రూమ్ చూడండి, అద్దంలా ఉంటుంది" అని ఆమె భర్త శామ్యూల్ రాజ్ వచ్చినవాళ్లందరికీ చెప్తాడు. వాడకపోతే ఏదైనా అద్దంలానే ఉంటుంది. పెట్టెలో మడతపెట్టిన పెళ్లిచీర కూడా అలాగే ఉంది.

శామ్యూల్ రాజ్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే రూతు బతుకు ఇంకొంచెం సులువయ్యేది, ఎవరికైనా చెప్పుకోవడానికి ఒక మాటుండేది. గిలకలదిండి నుంచి చేపల లారీ తోలినవాడు. లారీ కిందే పడుకుని, టైరు పక్కనే వండుకుని, కాలవల్లో స్నానాలు చేసి నడుం పోగొట్టుకున్నాక, ఈ రెస్ట్ ఏరియా నిర్వహణ దొరికింది. డ్రైవర్ల కష్టం అతనికి తెలుసు. వాళ్లకి చల్లటి నీళ్లు పెట్టించాడు, నీడకి రేకులు వేయించాడు, మంచాలు వేయించాడు. ఆ మంచాల దుప్పట్లు ఉతికేది రూతు. క్యాంటీన్లో పప్పు తాలింపు పెట్టేది రూతు. మధ్యాహ్నం అతను నడుం వాలిస్తే కౌంటర్లో కూర్చునేది కూడా ఆమే. ఒకసారి చర్చిలో ఎవరో "మీ ఆవిడ ఏం చేస్తుందండీ?" అని అడిగితే, "ఖాళీయేనండి. ఇంట్లో తోచక నాతోపాటు వస్తుంది" అన్నాడు. రూతు ఆ పూట పాట పాడలేదు. పెదాలు మాత్రం కదిపింది.

తాళం సంగతి ఇలా మొదలైంది. ఎవడో తాగి లేడీస్ బాత్రూమ్‌లోకి దూరి పాడుచేశాడు. శామ్యూల్ రాజ్ తాళం వేసి, చెవి కౌంటరు వెనక మేకుకి తగిలించాడు. కావాల్సినవాళ్లు వచ్చి అడిగి తీసుకెళ్తారు. తీసుకెళ్లినవాళ్లు మరిచిపోయి కార్లలో వెళ్లిపోవడం మొదలుపెట్టారు. అప్పుడు రూతే, చేతులారా, గిలకలదిండిలో పుట్టింటి నుంచి వల బెండు ఒకటి తెచ్చింది. వల మునిగిపోకుండా పైన తేల్చే బెండు. కొబ్బరికాయంత ఉంటుంది, ఎర్రటి నారింజరంగు. నాన్నే చెవికి వల ముడి వేసి ఇచ్చాడు. ఇక చెవి పోలేదు. అడిగేవాళ్లే పోయారు.

ఎందుకంటే కౌంటర్లో మగాడిని అడిగి, ఆ బెండు చేతిలో పట్టుకుని, టీ తాగే డ్రైవర్ల మంచాల ముందు నుంచి, ఆగిన లారీల మధ్య నుంచి వెనక మూలకి నడవాలి. ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో హైవే మీద పోయేవాడికి కూడా తెలుస్తుంది. యలమంద అని ఒక డ్రైవరున్నాడు, నోటికి తాళం లేనివాడు. ఏ ఆడది ఆ బెండు పట్టుకుని నడిచినా "బెండు తేలిందిరోయ్" అనేవాడు. మొదట్లో అందరూ నవ్వేవాళ్లు. తర్వాత నవ్వకుండానే అనడం అలవాటైపోయింది. ఒకసారి రూతు వెళ్లినప్పుడు కూడా అన్నాడు, ఎవరో చూసుకోకుండా. ఆమె వచ్చి భర్తతో చెప్తే, "పరువేం పోయింది? బాత్రూమ్‌కి వెళ్లావు, వచ్చావు. వాడి నోరే అంత" అన్నాడు.

ఆ రోజు నుంచి రూతు ఇంట్లో తాగిన నీళ్లే నీళ్లు. మళ్లీ సాయంత్రం పామర్రులో ఇల్లు చేరాకే. ఇది ఆమె కనిపెట్టిన విద్య కాదు. పెళ్లయిన కొత్తల్లో అత్తగారు నేర్పింది: "ప్రయాణం ఉందంటే ముందురోజు నుంచే నీళ్లు తగ్గించాలమ్మా. ఆడది దారిలో దిగితే దిగినచోటల్లా చులకనే." పాలకాయతిప్ప సముద్రం చూడ్డానికి వెళ్లినా అదే, గుడివాడ పెళ్లికి వెళ్లినా అదే. చుట్టూ సముద్రం, కాలవలు, చేలల్లో మోకాలిలోతు నీళ్లు, మధ్యలో ఆడవాళ్ల నాలుకలు మాత్రం ఎండి ఉంటాయి. గుడివాడలో డాక్టరమ్మ రిపోర్టులు చూసి, "నీళ్లు తాగవా అమ్మా? ఇలాగైతే కిడ్నీలు పోతాయి" అంది. "తాగుతానండి, ఇంటికెళ్లాక" అంది రూతు. డాక్టరమ్మ ఇక అడక్కుండా మందుల చీటీ రాసింది. ఆవిడ కూడా రోజూ బస్సులో వచ్చేదే.

కిందటి వారం ఒక కారు ఆగింది. నాగాయలంక నుంచి బెజవాడ ఆసుపత్రికి వెళ్తున్న మొగుడూ పెళ్లాం. ఆ పిల్లకి నెలలు నిండుతున్నాయి. కౌంటరు దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది. రూతు బెండు తీసి ముందు పెట్టింది. ఆ పిల్ల బెండుని చూసింది, తలతిప్పి మంచాల మీద మగాళ్లని చూసింది. "వద్దులెండి ఆంటీ" అంది. కార్లోంచి మొగుడు, "ఇంకో గంటేగా, ఆపుకో" అన్నాడు. ఆ పిల్ల రెండు చేతులూ పొట్ట కింద పెట్టుకుని నడిచి వెళ్లిపోయింది. బెండు కౌంటరు మీదే దొర్లి, రూతు మోచేతికి తగిలి ఆగింది.

ఆ మధ్యాహ్నమే ఉల్లిపాయలు తరుగుతూ అంది. "ఏవండీ, ఆ తాళం తీసేద్దాం."

"తీస్తే ఎవడు పడితే వాడు దూరతాడు. కడిగేదెవరు? నువ్వేగా. నీ మంచికే చెప్తున్నా."

"పోనీ, ఈ రెస్ట్ ఏరియా పెంచే కొత్త ప్లానులో అయినా ముందుకి వేయించండి. మగాళ్లది ముందేగా ఉంది."

"అందరి కళ్లముందు నుంచి వెళ్తారా ఆడవాళ్లు? మూలనుంటేనే మర్యాద." తనకే నచ్చిన మాటొకటి దొరికినట్టు, "అయినా ఇన్నాళ్లలో ఒక్క ఆడది వచ్చి ఇది బాలేదని అడిగిందా? అడగనిదానికి ప్లానేంటి?" అన్నాడు.

అడగలేదు, నిజమే. అడిగే అవసరం రాకుండా ఉండటానికి వాళ్లు పడే పాట్లు ఏ ప్లానులోకీ ఎక్కవు. రూతు కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలకే.

రెస్ట్ ఏరియాని పెంచుతున్నారు. లారీలు నిలపడానికి ఇంకొంత చోటు, డ్రైవర్లకి పడుకునే హాలు, స్నానాలకి పంపులు, దీపాలు. ఇంజనీరు శేషగిరిరావు గారు వచ్చి చూసి ఖాయం చేస్తే ఇక అంతే. సిమెంటు ఒకసారి పోశాక మన కోసం ఎవరూ పగలగొట్టరు. ఆయన వచ్చే రోజు రూతు పొద్దున్నే ఎప్పటిలాగే వెనక్కి వెళ్లింది. కడిగింది. కూల్‌డ్రింకు ట్రేలు ఒక్కొక్కటే మోసుకొచ్చి క్యాంటీన్ వెనక పెట్టింది. తలుపు తీసే ఉంచి, తాళం చేత్తో పట్టుకుని ముందుకి వచ్చింది. మగాళ్ల బాత్రూమ్‌కి గొళ్లెం ఉంది గానీ దానికి ఇంతవరకు ఎవరూ తాళం వేసి ఎరగరు. వేసింది. డ్రైవర్లకి ఇబ్బందేం లేదు, వాళ్లలో సగంమంది తలుపున్న చోటికి వెళ్లరు, కాలవగట్టుంది. బెండు తెచ్చి మళ్లీ మేకుకి తగిలించింది. పప్పు పొయ్యి మీద పెట్టింది.

శేషగిరిరావు గారు పెద్దమనిషి. టీ తాగాడు, మజ్జిగ తాగాడు, ప్లాను బల్ల మీద పరిచి అడిగినవన్నీ రాసుకున్నాడు.

"పడుకునే హాలు రోడ్డుకి దూరంగా ఉండాలండి" అన్నాడు శామ్యూల్ రాజ్. "హారన్లకి నిద్రపట్టదు. డ్రైవరు నిద్ర చెడిందంటే ఎదురొచ్చేవాడి ప్రాణం పోతుందండి." చెప్తుంటే అతని గొంతులో నిజంగా తడి ఉంది. రూతు విన్నది. ఆ తడే తనకోసం ఒక్కసారి వచ్చి ఉంటే అనుకుంది.

"మరి లేడీస్ సంగతి?" అన్నాడు ఇంజనీరు గారు.

"వెనకాల ఉందండి. రోజూ కడిగిస్తాను. ఇంతవరకు ఆడవాళ్ల నుంచి ఒక్క కంప్లయింటు లేదండి."

ఇంజనీరు గారు తల ఊపి లేచాడు. "షుగరు మనిషినండీ, ఆపుకోలేను. బాత్రూమ్ ఎటు?"

శామ్యూల్ రాజ్ మర్యాదగా వెంట వెళ్లాడు. వెంటనే విసవిసా వెనక్కి వచ్చాడు. "జెంట్స్‌కి తాళం ఎవరేశారు?"

"నేనేనండి. నీటుగా ఉంటుందని."

"నీకేమన్నా మతి పోయిందా? చెవియ్యి."

రూతు మేకు మీద నుంచి బెండు తీసి కౌంటరు మీద పెట్టింది. అతను దాన్ని చూశాడు. ముడి విప్పబోయాడు. వల ముడి, వేళ్లకి లొంగేది కాదు. భుజం మీద తువ్వాలు కప్పబోయాడు. కొబ్బరికాయంత బెండు, తువ్వాలు కింద ఇంకా పెద్దదిగా కనపడింది. అవతల ఇంజనీరు గారు కాలు మార్చి కాలు నిలబడుతున్నాడు. ఇక చేసేది లేక శామ్యూల్ రాజ్ ఆ బెండు చేత్తో పట్టుకుని, మంచాల ముందు నుంచి నడిచాడు.

యలమంద ఫోను చూసుకుంటున్నాడు. కంటి కొసన నారింజరంగు కదిలింది. "బెండు తేలిందిరోయ్" అన్నాడు, తల ఎత్తకుండానే.

తర్వాత తల ఎత్తాడు. నవ్వబోయినవాళ్లు టీ గ్లాసులు మూతికి అడ్డంపెట్టుకున్నారు. శామ్యూల్ రాజ్ మెడ వెనక ఎర్రబడటం కౌంటరు దాకా కనిపించింది. అతని నడక అప్పుడు సరిగ్గా ఆ నాగాయలంక పిల్ల నడకలా ఉంది.

ఇంజనీరు గారు తిరిగొచ్చి చేతులు తుడుచుకుంటూ ఈసారి రూతుని అడిగాడు. "లేడీస్‌కి కూడా ఇదేనా అమ్మా పద్ధతి?"

"నిన్నటిదాకా ఇదేనండి."

ఆయన పెన్సిలు తీసి ప్లాను మీదికి వంగాడు. ఏం గీశాడో, ఏం కొట్టేశాడో రూతు తొంగి చూడలేదు.

జీపు వెళ్లాక శామ్యూల్ రాజ్ తాళమూ బెండూ తెచ్చి కౌంటరు మీద పడేశాడు. గొంతు తగ్గించి అన్నాడు. "నలుగురిలో నా పరువు తీశావు."

"పరువేం పోయిందండీ? బాత్రూమ్‌కి వెళ్లారు, వచ్చారు."

రూతు తాళమూ చెవీ తీసి అతని ముందుకి జరిపింది. "రేపటి నుంచి దీన్ని ఏ తలుపుకి వెయ్యాలో మీరే చెప్పండి. బెండు మాత్రం తియ్యను."

రూతు గ్లాసు నిండా నీళ్లు పోసుకుని, అక్కడే, అందరూ చూస్తుండగా, చివరిదాకా తాగింది.