పాత కొసలు

ఈ పొద్దున సర్కారు వాళ్ళు మా అన్న ఓదెలును ఊళ్ళోంచి విప్పేస్తున్నారు.

మా ఇంటి ముందున్న చౌరస్తాలో కుర్చీ వేసుకుని ఒక ఆఫీసరు రాట్నం తిప్పుతున్నాడు. అన్న తాకిన ప్రతి వస్తువులోంచీ ఒక తెల్లటి పోగు ఊడి వచ్చి కండెకు చుట్టుకుంటోంది. ఛాయ్ హోటల్ బల్ల మీద అతను కూర్చుని కూర్చుని పడిన గుంట పోతుంది. మా ఇంట్లో అతను అంగీ తగిలించే మేకు పోతుంది. బడి ఫోటోలో రెండో వరుసలో ఖాళీ వస్తుంది. పక్కనున్న ఇద్దరూ జరిగి దాన్ని నింపుతారు.

మొన్న నూలు కావాలని తీసిన ఊరేగింపులో, మిల్లు గేటు ముందు, అన్న ఛాతీలో తూటా దిగింది. నేను పక్కనే ఉన్నాను.

"ఎవరూ చావలేదని పైకి చెప్పేశాం," అంటాడు ఆఫీసరు మర్యాదగా. "చావని మనిషి ఎక్కడో ఒకచోట ఉండాలి. లేడు. అంటే పుట్టలేదన్నమాట. కండె నిండితే పని అయిపోతుందమ్మా."

నేను పోగు తెంపబోతాను. వదిన సత్తవ్వ నా చెయ్యి పట్టి ఆపుతుంది. ఆమె మెడలో పుస్తెలతాడు అప్పటికే వెంట్రుకంత సన్నబడింది.

"తెంపకు దేవవ్వా. గుంజనియ్యి. ఎంత గుంజుతడో గుంజనియ్యి."

"పిచ్చి లేసిందా వదినా? అన్న పోతుండు!"

"యాడికి పోతడే? కొస మన మగ్గం మీద లేదా?"

ఉంది. మగ్గాన్ని మేం ఎన్నడూ ఖాళీగా వదలం. బట్ట కోసుకున్నా పడుగు కొసలు, అంటే నిలువు పోగుల చివరలు, అలాగే ఉంటాయి. కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే, వేళ్ళకు బూడిద అద్దుకుని, ఆ పాత కొసలకు మెలేసి అతుకుతాం. అన్న పడుగు నాయన కొసలకు అతికింది. నాయనది తాత కొసలకు. అలా ఎంత వెనక్కి పోతుందో మాకే తెలియదు. ఆఫీసరుకు అసలే తెలియదు.

అన్న అయిపోతాడు. పోగు అయిపోదు.

నాయన వస్తాడు, జెండా కర్రతో సహా. తాత వస్తాడు, దొర గడీ ముందు పగిలిన తలతో. ఆ వెనక నేనెన్నడూ చూడని ముసలమ్మలు పిడికిళ్ళు బిగించి వస్తారు. కండె ఎద్దంత అవుతుంది. ఇల్లంత అవుతుంది. నా కాళ్ళు పలచబడి అవతలి గోడ కనిపిస్తోంది.

"ఇగ ఆపరాదా సార్," అంటుంది వదిన.

"ఆగడం లేదు."

"తిప్పుడు మా పిల్లగాండ్లకు గూడ ఒస్తది. ఆపుడే పని."

వదిన ఆ కండెను రెండు చేతులా ఎత్తి, ఇంట్లోకి తెచ్చి, మగ్గంలో అడ్డపోగు విసిరే నాడెలో పెడుతుంది. ఇల్లంత కండె అందులో పట్టేస్తుంది. పడుగుకు నూలు లేదు. మా వాడ ఆడవాళ్ళమంతా జడలు విప్పి, బూడిద అద్ది, వెంట్రుక వెంట్రుకనూ పాత కొసలకు అతుకుతాం. వదిన నాడె విసురుతుంది. మా తలలన్నీ ఒక్కసారి ఊగుతాయి.

బట్ట దిగుతోంది. దాని మీద మా వాడ దిగుతుంది, మిల్లు గేటు, గేటు ముందు ఊరేగింపు, ఊరేగింపులో మా వాళ్ళందరూ, అన్ని కాలాలవాళ్ళు, ఒకే నినాదానికి నోళ్ళు తెరిచి. నా కాళ్ళు మళ్ళీ చిక్కబడతాయి. నడుమ అన్న నిలబడి ఉన్నాడు. అతని ఛాతీ దగ్గర మాత్రం నాడె ఎంత విసిరినా పక్కకు తిరిగిపోతోంది. రూపాయి బిళ్ళంత చిల్లు మిగులుతుంది.

ఆఫీసరు మగ్గం దగ్గరికి కుర్చీ జరుపుకుని దాన్నే చూస్తున్నాడు. "ఇది రఫ్ఫు కొడితే బట్టను ఉండనిస్తాను."

"కొట్టు సార్. సూది ఇయ్యాల్నా?"

అతను సూది దింపుతాడు. సూది పోతుంది, దారం పోతుంది, మోచేతి దాకా చెయ్యి పోతుంది. వెనక్కి లాక్కుని చూసుకుంటాడు. వేళ్ళ నిండా బూడిద.

అవతల ఎవరో అతుకుతున్నారు.

"అన్నా," అంటాను. చెరిగిపోయిందనుకున్న మాట పూర్తిగా పలుకుతుంది. ఆఫీసరు కుర్చీలోంచి లేచి నిలబడతాడు.

బట్ట మగ్గం దాటి, ఇంటి కప్పు దాటి, మిట్టమధ్యాహ్నపు ఆకాశమంతా కప్పేస్తుంది. ఊళ్ళో వెలుగు ఇప్పుడు ఆ ఒక్క చిల్లులోంచే రావాలి. వస్తోంది, సన్నగా, పోగులా. వదిన వేళ్ళకు బూడిద అద్దుకుని, చెయ్యి చాచి, సూర్యుడి కొస అందుకుని, నా వెంట్రుకకు మెలేస్తోంది.