నా పొలుసు తీసిన దేముడమ్మ

నేను ఒక ఫైబర్ పడవను. చెక్క పడవలకు అడవి పుట్టిల్లయితే, నాకు కాకినాడలో ఓ రేకుల షెడ్డు పుట్టిల్లు. ముక్కులకు గుడ్డలు కట్టుకున్న నలుగురు గాజుపీచు పరిచి, జిగురు పూసి, అచ్చులోంచి నన్ను ఇడ్లీలా ఊడదీశారు. నా కంపు భరించలేక పుట్టించినవాళ్లే ముఖం తిప్పుకున్నారు. అంతటి ఘనమైన పుట్టుక నాది.

నన్ను భీమిలి అవతలి రేవుకు తెచ్చుకున్నవాడు సూరాడ ఎల్లాజీ. మంచివాడే, కాకపోతే నమ్మకాలు కాస్త ఎక్కువ. తొలి ఏడు నాకు ఎర్రరంగు వేయించాడు. ఆ ఏడే వలనిండా ఖరీదైన కోనం చేపలు పడ్డాయి. ఇంకేముంది, అదృష్టమంతా ఆ ఎరుపులోనే ఉందని తేల్చేశాడు. ఏటా వేట నిషేధం రోజుల్లో రేవంతా పాతరంగు గీకి కొత్తది వేసుకుంటుంటే, మావాడు మాత్రం గీకనివ్వడు. ఎరుపు మీద నీలం, నీలం మీద పసుపు, దానిమీద ఆకుపచ్చ... పదకొండేళ్లకు పదకొండు పూతలు. పదకొండు చీరలు ఒకదానిమీద ఒకటి కట్టుకున్న పెళ్లికూతురిలా తయారయ్యాను. పైగా ఒళ్లంతా బొబ్బలు.

బరువెక్కి నడక మందగించింది. రేవుకు అందరికన్నా ఆఖరున చేరేదాన్ని. అప్పటికి చేపలు కొనే వ్యాన్లు వెళ్లిపోయి ఉండేవి. ఎల్లాజీ భార్య దేముడమ్మ ఆ చేపలను గంపకెత్తుకుని ఎండలో ఊరూరా తిరిగేది. ఆ ఇల్లాలి మెడ వంగిపోవడానికి కారణం నేనేనని తలుచుకుంటే నాకు సిగ్గేసేది. చివరికి ఓ రోజు ఆమె, రంగు గీకితేగానీ ఇక గంప ముట్టనని కూర్చుంది.

ఎల్లాజీ దిగొచ్చాడు. వస్తూ వస్తూ ఎండు తాటాకుల మోపు తెచ్చాడు. వాళ్ల నాన్న చెక్క పడవ కింద తాటాకులు కాల్చి, ఆ సెగకు పాత పూత ఊడగొట్టేవాడట. నాన్న చేసింది కొడుకు చేయకపోతే ఎలా? చెక్కకు సెగ మందేమో, నాలాంటి జిగురు ఒంటికి మాత్రం కర్పూరహారతే. అగ్గిపుల్ల తీశాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

దేముడమ్మ పరుగున వచ్చి అగ్గిపెట్టె లాక్కుని రొంటిన దోపుకుంది.

“పొలుసు తియ్యడానికి చేపని తగలెడతావేటి మావా? పొలుసే తియ్యాల, తోలు ఒగ్గీయాల. నాకొగ్గీ ఈ పని.”

పుట్టీ బ్లేడు తెచ్చి, మూలలు గుచ్చుకోకుండా బండమీద అరగదీసింది. నామీద నీళ్లు చల్లింది. చేపకు తీసినట్టే తోకవైపు మొదలుపెట్టి, బ్లేడును పడుకోబెట్టి తలవైపు నెట్టుకొచ్చింది. నాలుగు రోజులు పట్టింది. ఒక్కో రంగూ పొలుసుల్లా రాలిపోతుంటే ఎంత హాయి! ఒక్క గాటు పడితే ఒట్టు. చక్కిలిగింతలు మాత్రం భరించలేకపోయాను.

అడుగున ఎరుపు బయటపడేసరికి ఎల్లాజీ అడ్డం వచ్చాడు. “ఒలే, ముక్కు దగ్గర అరచెయ్యంత ఒగ్గీయే. అదీ పోతే నాను సముద్రం మీదికెల్లను.”

దేముడమ్మ తలూపింది.

ఒకే ఒక్క తెల్లపూతతో, ముక్కు దగ్గర ఆ ఎర్రమచ్చతో, నిషేధం ఎత్తేసిన రోజు వేటకు వెళ్లాను. రేవుకు అందరికన్నా ముందు చేరాను. వ్యాన్లు అక్కడే ఉన్నాయి. ఎల్లాజీ కిందికి దూకి, ఎర్రమచ్చను తాకి కళ్లకద్దుకున్నాడు. ఎరుపు ఉంచబట్టే ఇదంతా అని రేవంతా చెప్పుకొచ్చాడు. అవును మావా అంటూ దేముడమ్మ ఖాళీ గంప బోర్లించి, దానిమీద దర్జాగా కూర్చుంది.

అసలు సంగతి నాకూ ఆమెకూ మాత్రమే తెలుసు. నాలుగో రోజు ఎల్లాజీ టీకి వెళ్లినప్పుడు, ఆ అరచెయ్యంత ఎరుపు కిందా బొబ్బ కనిపించింది. ఆమె అటూ ఇటూ చూసి, దాన్నీ గీకేసింది. ఇంటి కిటికీలకు వేయగా మిగిలిన ఎర్రరంగు తెచ్చి అక్కడ పూసింది. మావాడు రోజూ పొద్దున్నే మొక్కుతున్నది వాళ్లింటి కిటికీ రంగుకే.

ఈ మాట అతనికి నేను చెప్పను. దేముడమ్మ బ్లేడు ఇంకా పదునుగానే ఉంది.